శివారుకి నీరు ఆలస్యం, ముంపు ముందు

(అమలాపురంలో డ్వాక్రా సంఘాల మహిళల కోసం జరిగిన ఆరోగ్య సభలో, సామాజిక వైద్యం బోధించి రిటైరైన ఒక డాక్టరుగారు రొమ్ము క్యాన్సర్ గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల గోడకి ఆనుకుని నుంచున్నవాళ్లు ముందుకి రండమ్మా, కుర్చీలున్నాయి. పిల్లాడు ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసుకెళ్లక్కర్లేదు. ఇవాళ మనం మాట్లాడుకునేదాంట్లో పాలిచ్చే తల్లులకీ వాటా ఉంది.

నేను పుట్టింది ఈ కోనసీమలోనే. గోదావరి వశిష్ఠ పాయ పక్కన లంక ఊరు. మా నాన్నగారికి లంకలో కాస్త కొబ్బరితోట, ఇవతల కాలువ శివారున ఎకరన్నర చేను ఉండేవి. శివారంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు కదా? కాలువకి ఆఖరి కొస. 1852లో కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తయింది, డెల్టాకి నీరొచ్చింది. వచ్చిందండి, కాదనను. అందరికీ ఒకే రోజు వచ్చిందా? ఎగువన నాట్లయిపోయి, చేలు పచ్చబడ్డాక మా నారుమడి తడిసేది. మా నాన్నగారు లాంతరు పెట్టుకుని రాత్రిళ్లు కాలువ గట్టు మీదే పడుకునేవారు. అదే పెద్ద వాన పడిందనుకోండి, ఎగువ మురుగంతా మా మీదకే. అటు సముద్రం పోటు మీదుంటే ఆ నీరు దిగేది కాదు. నీరు ఆఖర్న వచ్చేది, ముంపు ముందొచ్చేది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నీరు ఆఖర్న, ముంపు ముందు. 35 ఏళ్లు వైద్య విద్యార్థులకి పాఠం చెప్పాను. రొమ్ము క్యాన్సర్ ఏ దేశంలో ఎంతమందికి వస్తోంది, ఏ దేశంలో ఎంతమంది పోతున్నారు అన్న పటాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు మా శివారు చేనే కళ్లముందు కనపడేది. ఆ రెండు పటాలు కలవవండి. ఎందుకు కలవవో చెప్పడానికే వచ్చాను.

ముందు ఒక ప్రశ్న. ఇది డబ్బున్నవాళ్ల జబ్బా, లేనివాళ్ల జబ్బా? చెప్పండి, మొహమాటం వద్దు. "ఉన్నోళ్లదే" అంటున్నారు ముందు వరసలో. ఎందుకంటే? "కదలరు కాబట్టి." సరే. వెనకనుంచి? "లేనోళ్లకే, తిండి ఉండదు కాబట్టి." సరేనండి. ఇద్దరూ సగం సగం సరిగ్గా చెప్పారు. ఆ రెండు సగాలూ కలిపితే వచ్చేదే ఇవాళ్టి మాట.

2022 లెక్క తీసుకుందాం. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 23 లక్షల మంది ఆడవాళ్లకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 6 లక్షల 70 వేల మంది దాంతో పోయారు. 185 దేశాల లెక్క తీస్తే, 157 దేశాల్లో ఆడవాళ్లకొచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. మగవాళ్లకీ రాదని కాదు, నూటికి ఒకటి, అంతకన్నా తక్కువ.

ఇప్పుడు దేశాల్ని మెట్లుగా పేర్చాలి. దేనితో పేర్చాలి? ఒక్క డబ్బుతోనే కొలిస్తే సరిపోదని, 1990లో మహబూబుల్ హక్ గారు, ఆయనతో పాటు మన అమర్త్య సేన్ గారు కలిసి ఒక కొలత తయారుచేశారు. మానవాభివృద్ధి సూచిక అంటారు. మనుషులు ఎన్నేళ్లు బతుకుతున్నారు, ఎంత చదువుతున్నారు, ఎంత ఆదాయం ఉంది. ఈ మూడూ కలిపి దేశానికొక అంకె. ఆ అంకె బాగా ఎక్కువున్న దేశాలు పైమెట్టు. బాగా తక్కువున్నవి కిందమెట్టు.

ఇప్పుడు ఈ హాలు చూడండి. ఎంతమందిమి ఉంటాం? లెక్క తేలిగ్గా ఉంటుంది, 144 మంది అనుకుందాం. ఈ 144 మందీ పైమెట్టు దేశంలో పుట్టారనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం, జీవితకాలంలో 12 మందిలో ఒకరికి ఈ జబ్బు వస్తుంది. అంటే ఈ హాల్లో 12 మందికి. దాంతో పోయేది 71 మందిలో ఒకరు. అంటే ఇద్దరు. 12 మందికి వచ్చింది, ఇద్దరు పోయారు.

ఇదే 144 మందీ కిందమెట్టు దేశంలో పుట్టారనుకోండి. వచ్చేది 27 మందిలో ఒకరికి. అంటే ఈ హాల్లో 5 మందికి. సగం కన్నా తక్కువ. బాగానే ఉందే అనిపిస్తుంది కదా? పోయేది 48 మందిలో ఒకరు. అంటే ముగ్గురు. 5 మందికి వస్తే ముగ్గురు పోయారు.

మళ్లీ చెప్తున్నా. అక్కడ 12 మందికి వచ్చి ఇద్దరు. ఇక్కడ 5 మందికే వచ్చి ముగ్గురు. తక్కువమందికి వచ్చిన చోట ఎక్కువమంది పోయారు. అభివృద్ధి ఉన్నచోటికి జబ్బు వెళ్లింది, లేనిచోటికి చావు వెళ్లింది.

మరి మనమెక్కడున్నాం? 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 1 లక్షా 92 వేల మందికి బయటపడింది. సుమారు 98 వేల మంది పోయారు. అదే ఏడాది అమెరికాలో 2 లక్షల 70 వేల మందికి పైగా బయటపడింది. పోయింది ఎంతమంది? సుమారు 43 వేలు. జనాభాలో వాళ్లు మనలో నాలుగో వంతు. మనకన్నా ఎక్కువమందికి వచ్చి, మనలో సగం కన్నా తక్కువమంది పోయారు.

అమెరికా అంతా ఒక్కటేనా అంటే, కాదు. అక్కడ నల్లజాతి ఆడవాళ్లకి తెల్లవాళ్లకన్నా ఈ జబ్బు కాస్త తక్కువగానే వస్తుంది. పోయేది మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. అంత సొమ్మున్న దేశంలోనూ శివారుందండి.

వచ్చేది ఎందుకు పెరుగుతోంది

ఇది ఇప్పటి ప్రశ్న కాదు. 300 ఏళ్ల కిందట ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు ఒక సంగతి రాసిపెట్టాడు. సన్యాసినుల మఠాల్లో ఈ రొమ్ము జబ్బు ఎక్కువగా కనపడుతోందని. ఎందుకో ఆయనకి అప్పటికి పూర్తిగా తెలియదు. ఇప్పుడు మనకి తెలుసు. పెళ్లి లేదు, కాన్పు లేదు, పాలివ్వడం లేదు.

మా నాయనమ్మ సంగతి చెప్తాను. ఆవిడకి పదహారో ఏట మొదటి కాన్పు. మొత్తం ఏడు పురుళ్లు. ప్రతి బిడ్డకీ రెండేళ్లు పాలు. ఆవిడ పెద్దమనిషైంది కూడా ఆలస్యమే, తిండి అంతంతమాత్రం కాబట్టి. ఇంకోరకంగా చెప్పాలంటే ఆవిడ జీవితంలో ముట్టయిన నెలలు తక్కువ. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను నెలనెలా లేచి పడుతూ ఉంటుంది. అది రొమ్ములోని కణాల్ని పెరగమని తోస్తూ ఉంటుంది. ఎన్ని ఎక్కువ నెలలు అలా తోస్తే అంత ఎక్కువ ముప్పు. కాన్పు, పాలు, ఆ తోపుడుకి అడ్డుకట్టలు.

దీన్ని 2002లో అంకెల్లో చూపించారు. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాల్ని ఒకచోట పోసి చూశారు. ప్రతి కాన్పుకీ ముప్పు 7 శాతం తగ్గుతోంది. అది కాక, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ఇంకో 4.3 శాతం తగ్గుతోంది. ఇందాకటి పసివాడి అమ్మా, వినపడిందా? ఆ పాలు వాడికే కాదు, నీకూ మంచిదే.

ఇప్పుడు మన రాష్ట్రంలో ఒక్కో ఆడదానికి సగటున ఎంతమంది పిల్లలు? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7. ఇద్దరు కూడా కాదు. మొదటి కాన్పు ఆలస్యం, తిండి బాగుంది కాబట్టి పిల్లలు పదకొండు పన్నెండేళ్లకే పెద్దమనుషులవుతున్నారు.

అపార్థం చేసుకోవద్దు. అమ్మాయిల్ని చదువు మానిపించి పెళ్లి చెయ్యమని, ఆరుగుర్ని కనమని నేను చెప్పట్లేదు. ఆ మాట నా నోట రాదు. మా నాయనమ్మ ఏడుగుర్ని కంటే నలుగురు దక్కారు. ఆవిడ చెల్లెలు పురిట్లోనే పోయింది. ఆ రోజుల్లో రొమ్ము క్యాన్సర్ తక్కువ ఉందంటే, అది వచ్చేదాకా ఆడవాళ్లు బతకలేదన్నది కూడా నిజం. చదువొచ్చింది, ఆయుష్షొచ్చింది, పిల్లలు దక్కుతున్నారు. ఇదంతా కాలువ నీరు. ఈ నీరు మనకి కావాలి. నేనడిగేది ఒకటే. నీరు తెచ్చినవాళ్లు డ్రైను తవ్వారా?

ఇంకా ఉన్నాయి ముప్పులు. ముట్లుడిగాక పెరిగే ఒళ్లు, మద్యం, కదలకపోవడం, ముట్లుడిగాక ఏళ్ల తరబడి మింగే హార్మోను మాత్రలు. ఆ మాత్రల గుట్టు 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో బయటపడింది. చాలామంది ఆడవాళ్లు వాటిని మానేశారు. మర్నాటి ఏడాది నుంచే అక్కడ కొత్త కేసులు తగ్గాయి.

ఒళ్లు సంగతి మీకే తెలుసు. మా అమ్మ వంగి నాట్లేసింది, కోతకెళ్లింది, దంచింది, రుబ్బింది. ఇప్పుడు నాటే యంత్రం, కోసే యంత్రం వచ్చాయి. మంచిదే, ఆ నడుము నొప్పులు ఎవరికీ వద్దు. మూడుపూటలా తెల్లన్నం మాత్రం అలాగే ఉంది.

మన ఒంటి తత్వం వేరండీ, మనకి రాదు అంటారు కొంతమంది. జపాన్ సంగతి చూడండి. జపాన్‌లో ఈ జబ్బు చాలా తక్కువగా ఉన్న రోజుల్లో కొన్ని కుటుంబాలు హవాయికీ, కాలిఫోర్నియాకీ వలస వెళ్లాయి. వెళ్లినవాళ్లకి కొంచెం పెరిగింది. వాళ్ల కూతుళ్లకి ఇంకా పెరిగింది. మనవరాళ్ల కాలానికి అక్కడి తెల్లవాళ్లకి దగ్గరగా వచ్చేసింది. రక్తం అదే. బతుకు మారింది. పెంపకంలో, తిండిలో, కాన్పుల్లో మారింది.

అంత దూరం ఎందుకు? మన దేశంలో క్యాన్సర్ లెక్కలు రాసే కేంద్రాలున్నాయి. 2012–16 లెక్కల్లో, వయసు తేడాలు సరిచేసి చూస్తే, రొమ్ము క్యాన్సర్ అన్నిటికన్నా ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలో. లక్షమంది ఆడవాళ్లకి ఏడాదికి 48. మహారాష్ట్రలో బార్షీ అని పల్లెటూళ్ల లెక్క రాసే కేంద్రం ఉంది, అక్కడ దీనికన్నా చాలా తక్కువ. మరి మన అమ్మాయిలు ఎక్కడున్నారమ్మా? బార్షీలోనా, హైదరాబాద్‌లోనా? చేతులెత్తమంటే సగం హాలు ఎత్తుతుంది, నాకు తెలుసు.

ఇక్కడ చదువుకున్న పిల్లలు ఒక మాట అడుగుతారు, న్యాయమైనదే. "పైమెట్టు దేశాల్లో మామోగ్రామ్‌లు, అంటే రొమ్ముకి ఎక్స్‌రేలు, తీసి వెతుకుతారు కాబట్టి ఎక్కువ కనపడుతోంది కదా?" అవును. కొంత భాగం అదే. వెతికితే దొరికేవి కొన్ని ఉంటాయి, వాటిలో జన్మలో హాని చెయ్యనివీ ఉంటాయి. "మన దేశంలో చిన్నవయసులో వస్తోంది కదా?" అని ఇంకో ప్రశ్న. మన జనాభాలోనే పడుచువాళ్లు ఎక్కువ కాబట్టి రోగుల్లోనూ వాళ్లు ఎక్కువ కనపడతారు. అదంతా నిజమే. కానీ ముప్పై అయిదేళ్ల పిల్లకి గడ్డ కనపడితే, "ఈ వయసులో ఏముంటుంది" అనే హక్కు ఎవరికీ లేదు.

ఇంకోటి. ఇది జాగ్రత్తగా వినండి. ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి, ఆడదవడం, వయసు పెరగడం తప్ప నేను చెప్పిన ముప్పులేవీ ఉండవు. పిల్లల్ని కన్నది, పాలిచ్చింది, పొలం పని చేసింది, అయినా వచ్చింది. వంశంలోంచి దిగివచ్చేది కూడా నూటికి అయిదు నుంచి పది మందికే. అంచేత "ఏం పాపం చేశానో" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపించండి. కోడలికొస్తే "ఆ ఇంటి రక్తంలోనే ఉంది" అనడం, ఆడపిల్లకి సంబంధం తప్పించడం, ఇవి కూడా జరుగుతున్నాయి మనలో. ఇది అంటుకునేది కాదు. పక్కన కూర్చుని తినొచ్చు, బిడ్డని ముద్దు పెట్టుకోవచ్చు.

పోయేది ఎందుకు ఎక్కువ

ఇప్పుడు మా మేనత్త సంగతి చెప్తాను. ఇన్నేళ్లు క్లాసులో చెప్పలేదు.

1985 చివర్లో ఆవిడ స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. పెద్దకూతురు పెళ్లి మాఘమాసంలో. పెళ్లయ్యాక చూద్దామనుకుంది. పెళ్లయింది. అల్లుడు మొదటిసారి వస్తున్నాడు, తర్వాత చూద్దామనుకుంది. తర్వాత కొబ్బరి దింపు. తర్వాత మావయ్యకి జ్వరం. ఎవరో పసరు కట్టు చెప్తే కట్టుకుంది. అది పుండు పడింది. రవిక లోపల పాతగుడ్డ పెట్టుకుని, ఎవరితోనూ అనకుండా అందరికీ వండి పెట్టింది.

1986 ఆగస్టు. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ వరద. లంకంతా మునిగింది. మా వాళ్లందరూ పడవల మీద వచ్చి ఏటిగట్టెక్కారు. గట్టు మీద ఆడవాళ్లకి చాటెక్కడుందండి? నలుగురు చీర అడ్డం పట్టుకుంటే లోపల ఒకరు తడిబట్టలు మార్చుకోవాలి. అక్కడ చూసింది మా అమ్మ. చీర అడ్డం పట్టుకున్న మనిషి ఒక్కసారి కూలబడిపోయింది. చంకలో బిళ్లలు కట్టేసి ఉన్నాయి అప్పటికే.

వరద తీసేదాకా కదలడానికి లేదు. తర్వాత పంటు దాటించి, బస్సెక్కించి, పెద్దాసుపత్రికి. వాళ్లు చెయ్యగలిగింది చేశారు. మర్నాటి సంక్రాంతికి ఆవిడ లేదు. నలభై రెండేళ్లు.

నేను అప్పటికే డాక్టర్నండి. పెళ్లిలో ఆవిడ పక్కనే కూర్చుని పూలు కట్టాను. నాకు చెప్పలేదు. డాక్టర్ని కాబట్టే చెప్పలేదేమో, పెళ్లి ఆగిపోతుందని భయపడి. ఆవిడ్ని తెలియనిదని నేననను. ఆవిడకి తెలుసు. పెళ్లికి డబ్బు కావాలని తెలుసు, మంచంపడితే ఇల్లెవరు చూస్తారో తెలుసు, పట్నంలో ఆసుపత్రికెళ్తే రోజులు పడుతుందని తెలుసు. అవన్నీ కూడి గడ్డని వెనక్కి నెట్టాయి.

ఇది 40 ఏళ్ల కిందటి మాట, ఇప్పుడు వంతెనలొచ్చాయి కదా అంటారు. వచ్చాయి. నాలుగేళ్ల కిందట ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. కువైట్‌లో ఇంటిపని. గడ్డ అక్కడే చూసుకుంది. సెలవు రెండేళ్లకోసారి. మధ్యలో వస్తే పని పోతుంది, వీసా కట్టిన అప్పు ఉంది. ఏడాదిన్నర ఆగింది. చినుకంతగా మొదలైన గడ్డ చెట్టంతై విమానం దిగింది. ఇంకొకమ్మాయి బాలింత. గడ్డ చూపిస్తే ఒకచోట పాలగడ్డ అని మాత్రలిచ్చారు. తగ్గలేదంటే ఇంకో రకం మాత్రలిచ్చారు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. పాలగడ్డ ఉంటుంది, నిజమే. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే స్కానింగ్ చెయ్యాలి, సూది పరీక్ష చెయ్యాలి. ఆ పిల్ల అడగలేక కాదు, అడిగితే "డాక్టరు నువ్వా నేనా" అన్నారట. ఇది చెప్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వైద్యం అందితే ఏమవుతుందో చూడండి. జబ్బు బయటపడ్డ అయిదేళ్లకి బతికున్నవాళ్లు, బాగున్న దేశాల్లో నూటికి 90 మందికి పైన. మన దేశంలో 66. దక్షిణాఫ్రికాలో 40. ఆ బాగున్న దేశాల్లో 1980ల నుంచి 2020 దాకా చావులు 40 శాతం తగ్గాయి. ఏదో మహత్తు మందు దొరికిందా? లేదు. చిన్న గడ్డప్పుడే పట్టుకున్నారు, ఆపరేషను, కీమో, కరెంటు అంటే రేడియేషను, మాత్రలు, ఏది ఎవరికి కావాలో అది చివరిదాకా ఇచ్చారు. అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన కార్యక్రమానికి మూడు అంకెలు పెట్టింది. 60, 60, 80. నూటికి 60 మందికైనా జబ్బు మొదటి రెండు దశల్లోనే తెలియాలి. గడ్డతో మొదటిసారి ఆసుపత్రి గడప తొక్కిన 60 రోజుల్లోగా అదేమిటో తేలిపోవాలి. 80 మందికైనా వైద్యం పూర్తవ్వాలి. ఇది జరిగితే 2040 నాటికి 25 లక్షల మంది ప్రాణాలు దక్కుతాయని వాళ్ల లెక్క.

60 రోజులంటే ఎంత? మనకి ఒక దింపుకీ ఇంకో దింపుకీ మధ్య కాలం, కాస్త అటూ ఇటూ. దింపుకి మనిషిని మాట్లాడటం మర్చిపోతామా? తేదీ గుర్తుంటుంది కదా? గడ్డకీ అలాగే తేదీ పెట్టుకోవాలి.

మూడోది, వైద్యం పూర్తవడం, అన్నిటికన్నా కష్టం అదే. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక ఆపరేషనుకి పొలం అమ్ముకునే పరిస్థితి చాలా తగ్గింది, ఆ మేలు నేను కళ్లారా చూశాను. కానీ కరెంటు పెట్టాలంటే వారానికి అయిదు రోజులు, మూడు నుంచి అయిదు వారాలు. రోజూ. లంక నుంచి పంటు దాటి, బస్సు మారి, రోజూ ఎవరెళ్లొస్తారు? అక్కడే గది తీసుకుంటే అద్దె, తిండి, తోడు మనిషి కూలి పోయినట్టే. రొయ్యల షెడ్డులో తలలు తీసే మనిషికి రాని రోజు కూలి ఎవరిస్తారు? కార్డుతో ఇదంతా తీరదు. రెండు కీమోలయ్యాక జుట్టు రాలితే, పేరంటానికి పిలవడం మానేస్తే, "చాల్లే" అని ఆపేసినవాళ్లని నేను చూశాను. ఆపరేషను తర్వాత కొందరికి రోజుకొక మాత్ర, అయిదేళ్లు వేసుకోవాలి. టామాక్సిఫెన్. ఖరీదైంది కాదు. "బాగానే ఉన్నాను కదా" అని ఏడాదికే మానేస్తారు. మానకూడదు.

మరి మామోగ్రామ్ బండ్లు ఊరూరా తిప్పాలా? మనకి ముందు కావలసింది అది కాదని నా అభిప్రాయం. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో పేద బస్తీల్లో ఒక పని మొదలుపెట్టారు. లక్షన్నర మంది ఆడవాళ్లు, 35 నుంచి 64 ఏళ్లవాళ్లు. అందులో సగం బస్తీల్లో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. వట్టి చేత్తో. ఇరవై ఏళ్లు వెంటపడి చూసి 2021లో ఫలితం చెప్పారు. గడ్డలు చిన్నవిగా ఉన్నప్పుడే దొరికాయి. 50 దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువాళ్లలో అంత తేడా కనపడలేదు, అది కూడా చెప్పాలి.

చైనాలో షాంఘై మిల్లుల్లో 2 లక్షల 66 వేల మంది కార్మికురాళ్లతో ఇంకో పరీక్ష జరిగింది. సగం మందికి ఎవరి రొమ్ము వాళ్లే చూసుకోవడం నేర్పించారు, అంతే. 2002లో లెక్క తేలింది. చావులు తగ్గలేదు. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? "నీ ఒళ్లు నువ్వు చూసుకో" అని చెప్పి ఇంటికి పంపేస్తే సరిపోదు. తేడా తెలుసుకోవడం మంచిదే, తెలుసుకోవాలి. కానీ నేర్చిన చెయ్యి ఒకటి ముట్టుకుని చూడాలి, ఆ తర్వాత సూది పరీక్షకీ ఆపరేషనుకీ దారి తెరిచి ఉండాలి.

మన ప్రభుత్వ పథకంలో ఇది రాసే ఉంది. 30 దాటిన ప్రతి ఆడమనిషికీ నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం, మూడూ అయిదేళ్లకోసారి చూడాలి. అమలు? 2019–21 సర్వేలో, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు.

ఇప్పుడు ఇంకో అంకె. అంతకు ముందు సర్వే, 2015–16. మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దాదాపు 9 శాతం. దేశం మొత్తానికి 3 చిల్లర. ఎందుకు తీశారమ్మా అంటే ఏం చెప్తారు? "ఉంచితే క్యాన్సరొస్తుందన్నారు." ఈ హాల్లో ఎంతమందికి ఆ మాట చెప్పి ఉంటారో నేను అడగను. క్యాన్సరంటే మనకి భయం లేక కాదండి, ఆ భయాన్ని పట్టుకుని తియ్యక్కర్లేనివి తీశారు, చూడాల్సినవి చూడలేదు.

సరే, ఎవరో చెయ్యెత్తారు. మీరడిగింది మైకులో వినపడలేదు, నేనే చెప్తాను. "ముక్క తీసి పరీక్షకి పంపితే ఒళ్లంతా పాకిపోతుందట కదా" అని అడుగుతున్నారు పిన్నిగారు. పాకదండి. సూది పెట్టినందువల్ల క్యాన్సర్ ఒళ్లంతా పాకదు. ముక్క పరీక్ష లేకుండా అది ఏ రకమో తెలియదు, ఏ రకమో తెలియకుండా ఏ మందివ్వాలో తెలియదు. ఆలస్యం చేస్తేనే పాకుతుంది. గడ్డ కనపడ్డవాళ్లందరికీ క్యాన్సరేనా అంటే కాదు, ఎక్కువ గడ్డలు మామూలువే. అది తేల్చేది ఆ పరీక్షే.

ఏమేం కనపడితే రావాలి? నొప్పి లేని గడ్డ. నొప్పి ఉన్నా రండి. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడటం. చనుమొన ఉన్నట్టుండి లోపలికి పోవడం. మొన నుంచి నెత్తుటి చార. చంకలో బిళ్ల. ఒక రొమ్ము ఆకారం కొత్తగా మారడం.

రెండో ప్రశ్న, "మా ఆయన్ని అడగాలి కదా" అని. అడగండి. లేదా ఇలా చెయ్యండి. మీ సంఘంలో నెలనెలా పొదుపు పుస్తకం రాసుకుంటారు కదా, ఎవరు కట్టారు ఎవరు కట్టలేదు అని. ఆ పుస్తకంలోనే ఇంకో గడి గీయండి. ఈ అయిదేళ్లలో పరీక్ష అయిందా లేదా. అయితే టిక్కు. ఎవరికైనా గడ్డ తేలితే ఆ తేదీ, పక్కన 60 రోజుల తర్వాతి తేదీ. కరెంటు పెట్టించుకునే మనిషి ఉంటే, ఆ నెల తోడు ఎవరు వెళ్తారు, ఆవిడ కూలి సంఘం ఎలా సర్దుతుంది. అప్పులు వసూలు చెయ్యగలిగినవాళ్లు ఇది చెయ్యలేరా?

ఆ పక్క గదిలో తెర కట్టించాను. గట్టి తెరే, గాలికి లేవదు. లోపల ఇద్దరు ఏఎన్ఎమ్‌లు ఉన్నారు, ఇద్దరూ ఆడవాళ్లే, శిక్షణ అయినవాళ్లే. నేను కూడా వెళ్తున్నాను. ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. ముప్పై దాటినవాళ్లు పేర్లు రాయించుకోండి. లంకలవాళ్లు ముందు రండి, చీకటి పడితే మళ్లీ పంటు దొరకదు.